పిల్లల కోసం ఓరుగల్లు చరిత్ర పుస్తకం: 16 పేజీలు తయారుచేసే పద్ధతి, మొదటి నుంచి అచ్చు దాకా

బడి బీరువాల్లో "పిల్లల చరిత్ర" అని ఉండే పుస్తకాలు తీసి చూడండి. చాలావాటిలో పెద్దల పుస్తకంలోని వాక్యాలే ఉంటాయి, పక్కన బొమ్మలు మాత్రం కొత్తవి. మూడో తరగతి పిల్ల మొదటి పేజీలోనే "నిర్మింపబడినది" దగ్గర ఆగిపోతుంది. తప్పు ఆ పిల్లది కాదు. మన ఊళ్ల చరిత్రను పిల్లలు చదవగలిగే తెలుగులో, అబద్ధం కలపకుండా రాయడం ఒక పని. దానికో వరస ఉంది. టీచర్లు, గ్రంథాలయాలు నడిపేవాళ్లు, ఇంట్లో పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి శని, ఆదివారాలు కూర్చుంటే రెండు నెలల్లో ఒక పుస్తకం చేతికొస్తుంది.

ఉదాహరణకు ఇక్కడ పాలంపేటలోని రామప్ప గుడి ఇటుకను తీసుకుందాం. చదివేది 3 నుంచి 5 తరగతుల పిల్లలు అనుకుందాం.

మొదటి అడుగు: ఒక్క వస్తువు, ఒక్క ప్రశ్న

"కాకతీయుల చరిత్ర" అని పేరు పెట్టారంటే పుస్తకం చేయి జారినట్టే. 16 పేజీల్లో రాజుల పేర్లు, సంవత్సరాలు తప్ప ఇంకేమీ పట్టవు. పిల్లలు ఆదివారం పోయి కళ్లారా చూడగలిగే ఒక వస్తువును పట్టుకోండి. దాన్ని చూసి పిల్లలు ఏమడుగుతారో ఆ ప్రశ్న రాసుకోండి. ఖిలా వరంగల్‌లో నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి, మరి మధ్యలో ఉన్న గుడి ఏమైంది? లోపల అంత గట్టి రాతిగోడ ఉండగా బయట మట్టిగోడ ఎందుకు? పాకాల చెరువు నీళ్లు పొలానికి ఏ దారిన పోతాయి? కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద అంత ఎత్తున కంద పద్యాలు ఎవరు చెక్కించారు?

మన ప్రశ్న ఇది: రామప్ప గుడి ఇటుక నీళ్లలో ఎందుకు తేలుతుంది?

ఒక పరీక్ష పెట్టుకోండి. జవాబు మూడు చిన్న వాక్యాల్లో చెప్పగలగాలి. శిఖరం బరువు తగ్గాలి. అందుకని తేలిక ఇటుకలు కాల్చారు. ఇటుకలో సన్నని రంధ్రాలు నిండా ఉన్నాయి, అందుకే తేలుతుంది. ఇది కుదిరింది. కుదరకపోతే ప్రశ్న పెద్దదైందని అర్థం, ఇంకా చిన్నది చేయండి. ఆ గుడి కింద ఉన్న ఇసుక పునాది ముచ్చట కూడా ఇందులోనే చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి, అది రెండో పుస్తకం.

రెండో అడుగు: ఆధారం వెతకడం, తేదీ సరిచూడడం

గైడు చెప్పింది, బోర్డు మీద ఉన్నది, పాఠ్యపుస్తకంలో ఉన్నది మొదట రాసుకోండి. తర్వాత ఒక్కో వాక్యానికి ఆధారం వెతకండి. పురావస్తు శాఖ జిల్లాల వారీగా అచ్చువేసిన శాసనాల సంపుటాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, పాత గ్రంథాలయాల్లో దొరుకుతాయి. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వంటి చోట అడిగి చూడండి. గుడి దగ్గర శాసనం రాయిని ఫొటో తీయాలంటే పొద్దున లేదా సాయంత్రం పోండి. ఎండ ఏటవాలుగా పడితే అక్షరాలు లేచి కనపడతాయి. సుద్ద రుద్దడం, పసుపు పూయడం, నీళ్లు పోసి బ్రష్‌తో గీకడం ఎంతమాత్రం వద్దు. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన అక్షరం మన చేతుల్లో అరిగిపోకూడదు.

ఎక్కువ తప్పులు తేదీల దగ్గరే జరుగుతాయి. శాసనంలో శక సంవత్సరం ఉంటుంది. 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. ఎప్పుడు 79 కలపాలో చాలామంది చూసుకోరు. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది. కాబట్టి చైత్రం నుంచి డిసెంబరు ఆఖరు దాకా 78, జనవరి నుంచి ఫాల్గుణం ముగిసేదాకా 79 కలపాలి.

మన ఊళ్ల రెండు శాసనాలతోనే చూడండి. రామప్ప శాసనం శక 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్రం. 1135కు 78 కలిపితే 1213. సరిపోయింది. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను నామ సంవత్సరం, మాఘం. ఇక్కడా 78 కలిపితే 1162 వస్తుంది, అది తప్పు. మాఘం కనుక 79 కలపాలి, 1163 జనవరి అవుతుంది.

సరిచూసుకోవడానికి ఇంట్లోనే ఒక సాధనం ఉంది, పంచాంగం. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1993 ఉగాదికి మొదలైంది శ్రీముఖ. 1993లోంచి 1213 తీసేస్తే 780, అంటే 13 అరవైలు. 2002 ఉగాదికి మొదలైంది చిత్రభాను. అందులోంచి 1162 తీసేస్తే 840, అంటే 14 అరవైలు. (ఇక్కడ ఆ ఏడు ఉగాది పడిన సంవత్సరం లెక్క కనుక 1162 తీసుకున్నాం.) అరవైతో భాగిస్తే శేషం మిగిలిందంటే ఎక్కడో తప్పు దొర్లింది. ఆరు, ఏడు తరగతుల పుస్తకమైతే ఈ లెక్కనే ఒక పేజీగా పెట్టండి, పిల్లలకు చాలా ఇష్టమవుతుంది.

"వెయ్యేళ్ల రామప్ప" అనే మాట కూడా ఇక్కడే రాలిపోతుంది. 1213 నుంచి లెక్కేస్తే ఎనిమిది వందల ఏళ్లు దాటాయి, అంతే. జిల్లా పేరు కూడా చూసుకోండి. పాత పుస్తకాల్లో పాలంపేట వరంగల్ జిల్లాలో ఉంటుంది, ఇప్పుడది ములుగు జిల్లా. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన సంగతి వెనక అట్ట మీద ఒక్క వాక్యంగా చాలు.

మూడో అడుగు: రాయి మాట, జనం మాట, మన ఊహ

ఈ మొత్తం పనిలో గుండెకాయ లాంటి అడుగు ఇది. పిల్లల పుస్తకమే కదా అని కల్పనను నిజంలో కలిపేస్తే, ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా దాన్ని చరిత్ర అనే నమ్ముతారు. సేకరించిన ప్రతి వాక్యం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి. శాసనంలోనో, కట్టడంలోనో కనపడేదానికి రాయి బొమ్మ. తరతరాలుగా చెప్పుకుంటున్నదానికి నోరు బొమ్మ. కథ నడవడానికి మనం అల్లినదానికి మబ్బు బొమ్మ. ఈ గుర్తులనే పుస్తకంలో పేజీ మూలన చిన్నగా అచ్చు వేయండి.

రామప్పకు ఇట్లా పడతాయి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడు: రాయి. శిల్పి పేరు రామప్ప, ఆయన పేరే గుడికి వచ్చింది: నోరు. ఇటుకల బట్టీ దగ్గర ఆడుకునే అమ్మాయి, ఆమె అడిగే ప్రశ్నలు: మబ్బు.

రుద్రమదేవి పుస్తకమైతే ఇంకా జాగ్రత్త కావాలి. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పిలవడం రాయి మాట. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల 1289లో ఆమె చనిపోయిందని తెలుస్తుంది, అదీ రాయి మాటే. ఎట్లా చనిపోయిందో ఆ శాసనం చెప్పదు. యుద్ధంలో అన్నది చరిత్రకారుల అంచనా. "కత్తి తిప్పుతూ నేలకొరిగింది" అని పేజీ నిండా బొమ్మ వేసి రాయి గుర్తు పెడితే పిల్లల్ని మోసం చేసినట్టే.

సమ్మక్క సారలమ్మల కథ దాదాపు మొత్తం నోటి చరిత్ర. నోరు గుర్తు పెట్టినంత మాత్రాన అది తక్కువదని కాదు, ఆ సంగతి పుస్తకంలోనే పిల్లలకు చెప్పండి. రాయి మీద రాయించుకునే వీలు లేనివాళ్లు పాటలో దాచుకున్న చరిత్ర అది. చెప్పేవాళ్లను బట్టి కథ మారుతుంది కనుక, కోయ పెద్దలు ఎవరు చెప్పిన కథ తీసుకున్నారో వాళ్ల అనుమతితో మొదటి పేజీలోనే రాయండి.

నాలుగో అడుగు: అక్షరాల మెట్టు

తెలుగులో చదువు కష్టం మాట పొడవును బట్టి మాత్రమే ఉండదు, ఒత్తులను బట్టి కూడా ఉంటుంది. పిల్లలు మొదట గుణింతం, తర్వాత అమ్మ, అక్క వంటి ద్విత్వాలు, ఆఖరున వేరే అక్షరం ఒత్తుగా వచ్చే సంయుక్తాలు నేర్చుకుంటారు. పుస్తకం కూడా అదే మెట్ల మీద నడవాలి.

ఒకటి, రెండు తరగతులకు గుణింతం, సున్న, ద్విత్వాలే. వాక్యానికి మూడు నాలుగు మాటలు, పుస్తకం మొత్తానికి 150 నుంచి 200 మాటలు. మూడు నుంచి ఐదు తరగతులకు సంయుక్తాలు రావచ్చు, కానీ పేజీకి మూడు నాలుగు మించకుండా. వాక్యం ఆరేడు మాటల లోపు, మొత్తం 500 నుంచి 700 మాటలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 1500 నుంచి 2000 మాటలదాకా పోవచ్చు.

మన చరిత్రలో చిన్న తరగతులకు వీలైన పేర్లు చాలా ఉన్నాయి. కాకతీయ, గణపతిదేవుడు, పాకాల, పాలంపేట, మేడారం, హనుమకొండ, శాసనం: ఒక్క ఒత్తు కూడా లేదు. ఓరుగల్లు, రామప్ప, సమ్మక్క, సారలమ్మ: ఉన్నవన్నీ ద్విత్వాలే. అదే హన్మకొండ అని రాశారంటే "న్మ" వచ్చి పడుతుంది. కాబట్టి ఒకే రూపం ఎంచుకొని పుస్తకమంతా అదే వాడండి. రుద్రమ, ప్రతాపరుద్రుడు, కీర్తి తోరణం వంటివి తప్పించలేం. అట్లాంటి పేరును మొదటి పేజీలో పెద్దక్షరాల్లో విడదీసి చూపండి, రుద్-రమ అని పలికించండి, తర్వాత ధైర్యంగా వాడండి.

తెలుగు ఇంటిభాష కాని పిల్లలు ఓరుగల్లు చుట్టూ ఎంతమందో ఉన్నారు. తండాల్లో లంబాడీ, ములుగు అడవి పల్లెల్లో కోయ, నగరంలో ఉర్దూ మాట్లాడే ఇళ్లవాళ్లు. విదేశాల్లో పెరుగుతూ తెలుగు నేర్చుకునేవాళ్లది కూడా ఇదే అవసరం. వీళ్లకోసం కొత్త మాటలు పుస్తకానికి పది దాటనీయకండి. ఒక్కో కొత్త మాట కనీసం నాలుగుసార్లు, వేర్వేరు వాక్యాల్లో రావాలి. అర్థం అదే పేజీ అంచున ఉండాలి, ఆఖరున పదకోశం పెడితే ఎవరూ తిప్పి చూడరు. "తూము" అని రాసి "జలనిర్గమ మార్గము" అని అర్థం ఇస్తే లాభం లేదు. చెరువు కట్టను నిలువుగా కోసినట్టు చిన్న బొమ్మ గీసి, నీళ్లు పొలానికి పోయే చోట బాణం గుర్తు పెట్టండి.

ఐదో అడుగు: వాక్యం

పాత పద్ధతి వాక్యం ఇట్లా ఉంటుంది: "క్రీ.శ. 1213వ సంవత్సరమున గణపతిదేవ చక్రవర్తి యొక్క సేనాధిపతియైన రేచర్ల రుద్రునిచే పాలంపేటలో రుద్రేశ్వరాలయం నిర్మింపబడినది." పన్నెండు మాటలు, ఒకటే ఊపిరి. ఎవరు కట్టించారో తెలియాలంటే మధ్యదాకా ఎదురుచూడాలి.

అదే సంగతి మూడో తరగతికి: "గణపతిదేవుడు ఓరుగల్లును ఏలుతున్నాడు. ఆయన దగ్గర ఒక సేనాని ఉండేవాడు. పేరు రేచర్ల రుద్రుడు. రుద్రుడు పాలంపేటలో ఒక గుడి కట్టించాడు." మాటలు పదహారయ్యాయి, కానీ ఏ వాక్యంలోనూ ఐదు మాటలు దాటలేదు. చేసినవాడు ముందు, చేసిన పని వెనక. "బడినది" ఎక్కడ కనపడినా కొట్టేయండి. "యొక్క" కూడా నూటికి తొంభైసార్లు అక్కర్లేదు. సంవత్సరాన్ని పేజీ పైన విడిగా అంకెల్లో వేయండి.

కథనం అందరికీ తెలిసిన తెలుగులో నడపండి, మాటలు మాత్రం ఇక్కడివాళ్లు మాట్లాడినట్టే ఉండాలి. ఒక పేజీ నమూనా:

"తాతా, ఇటుక నీళ్లల్ల మునగదా?"
"మునగది బిడ్డా. తేలుతది. సూడు."
తాత ఇటుకను నీళ్లలో వేశాడు. ఇటుక తేలింది.

సంభాషణ కింద వెంటనే అదే సంగతి మామూలు వాక్యంలో రావడం గమనించండి. "తేలుతది" అర్థంకాని పిల్లలు "తేలింది" దగ్గర పట్టుకుంటారు, తెలిసిన పిల్లలకు తమ ఇంటి మాట పుస్తకంలో కనపడుతుంది. ఈ రెండూ ఒకే పేజీలో జరగాలి.

చెరువు భాగాల పేర్లు మార్చొద్దు. వేరే చోట అలుగు అంటారు, ఇక్కడ మత్తడి. వానకాలంలో "మత్తడి దుంకుతుంది" అని విన్న పిల్లలకు "అలుగు పారుతోంది" అని రాసిస్తే వాళ్ల చెరువే వాళ్లకు పరాయిదవుతుంది. కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు: ఈ ఐదు మాటలతోనే ఒక పుస్తకం రాయొచ్చు.

ఆరో అడుగు: పేజీల పంపకం

ఏ4 కాగితాలు నాలుగు తీసుకొని మధ్యకు మడిస్తే 16 పేజీలవుతాయి. ముందు ఖాళీ కాగితాలతోనే నమూనా కట్టండి. ఒకటి అట్ట, రెండు వివరాలు, మూడు నుంచి పద్నాలుగు దాకా కథ, పదిహేను "ఏది రాయి మాట, ఏది జనం మాట, ఏది మన ఊహ", పదహారు వెనక అట్ట. కథకు 12 పేజీలు. పేజీకి 50 మాటలు వేసుకుంటే 600, మన మెట్టుకు సరిగ్గా సరిపోతుంది.

8, 9 పేజీలు ఒకే కాగితం మీద పక్కపక్కన వస్తాయి. పెద్ద బొమ్మ, అంటే గుడి మొత్తం కనపడేది, అక్కడే వేయండి. మిగతా చోట్ల ఎదురెదురు పేజీలు వేర్వేరు కాగితాలవి, బొమ్మ మధ్యలో అతుకు తప్పుతుంది. అచ్చుకిచ్చేటప్పుడు ఒకే కాగితం ఒకే వైపు వచ్చే రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి: 16, 1, 2, 15, 14, 3. అట్లా రాలేదంటే వరస తప్పింది.

ఏడో అడుగు: బొమ్మలు

బొమ్మలు వేసేవాళ్లకు కథ ఇచ్చి ఊరుకోవద్దు, వేయకూడనివాటి జాబితా కూడా ఇవ్వండి. కాకతీయుల అంగడి అనగానే ఎర్రటి మిరపకాయల రాశి గీస్తారు, వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్ కళ్లలో ఉంటుంది కదా. మిరప మన దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్లు వచ్చాకే. 1213లో కారం అంటే మిరియాల వంటివే. మక్కజొన్న, టమాట, ఆలుగడ్డ, పల్లి, పొగాకు ఇవన్నీ కూడా అంతే. జొన్న, వరి, నువ్వులు, కందులు, పసుపు గీయొచ్చు. కోట మీద ఫిరంగులు వద్దు. వెనక చార్మినార్ లాంటి మినార్లు వద్దు, అది 1591 నాటిది.

ఇంకో పొరపాటు ఎవరికీ తట్టదు. ఇప్పుడున్న శిథిలాన్ని చూసి గీసి, దాన్నే రాజుల కాలంగా చూపిస్తారు. గుడి కడుతున్న కథలో విరిగిన స్తంభాలు ఉండకూడదు. అప్పుడు, ఇప్పుడు అని రెండు బొమ్మలు పక్కపక్కన వేస్తే పిల్లలకు కాలం అంటే ఏమిటో కూడా తెలుస్తుంది. అప్పటి బొమ్మలో మనం ఊహించి నింపిన భాగాలకు మబ్బు గుర్తు మర్చిపోవద్దు.

ఎనిమిదో అడుగు: అక్షరం కూర్పు

అక్షరం సైజు చిన్న తరగతులకు 18 నుంచి 20 పాయింట్లు, మూడు నుంచి ఐదుకు 16, ఆపైన 14. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గొద్దు, తగ్గితే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. మండలి, నోటో తెలుగు వంటి సాదా ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. రామభద్ర వంటి లావు ఫాంట్లు అట్టకే బాగుంటాయి. వరస చివర మాటను విరవొద్దు, కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా పరవాలేదు.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లోకి (యూనికోడ్ కాని పాత పద్ధతి ఫాంట్) మారుస్తామంటారు. మార్చినప్పుడు క్ష, జ్ఞ, ర్య, హ్మ వంటి చోట్ల, ఆఫ్‌సెట్ వంటి ఇంగ్లిష్ మాటల్లో పొల్లు దగ్గర తేడా వస్తుంది. కాగితం మీద ప్రింటు తీసుకొని మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవండి. తెరమీద చదివితే తప్పులు దొరకవు. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూర్చేవాళ్లయితే అందులోని వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టమనండి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి.

తొమ్మిదో అడుగు: పిల్లల ముందు పెట్టడం

అచ్చుకు ముందు ఇంటి ప్రింటర్ మీద ఐదు కాపీలు తీసి ఐదుగురు పిల్లలతో ఒక్కొక్కరిగా బయటికి చదివించండి. వాళ్లలో ఇద్దరైనా తెలుగు ఇంటిభాష కానివాళ్లు ఉండాలి. మీ చేతిలో ఇంకో కాపీ, పెన్సిల్. పిల్లలు ఆగిన చోట చుక్క, తప్పు చదివిన చోట గీత. మధ్యలో అందించవద్దు. ఒకే మాట దగ్గర ముగ్గురు ఆగితే ఆ మాట మార్చాలి. ఒక పేజీలో ఐదు కంటే ఎక్కువ గుర్తులు పడితే పేజీ మొత్తం తిరగరాయాలి.

"బాగుందా?" అని అడగొద్దు, పెద్దల ముఖం చూసి బాగుందనే అంటారు. పుస్తకం మూసి, "ఇటుక ఎందుకు తేలింది?" అని అడగండి. తర్వాత "ఇందులో మనం ఊహించింది ఏది?" అని అడగండి. రెండో ప్రశ్నకు ముగ్గురైనా జవాబు చెప్పలేకపోతే మూల గుర్తులు మరీ చిన్నవయ్యాయన్నమాట. పెద్దవి చేయండి, రెండో పేజీలో వాటి అర్థం బొమ్మతో చెప్పండి.

పదో అడుగు: అచ్చు

300 కాపీల లోపైతే డిజిటల్, 500 దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. లోపలి కాగితం 90 లేదా 100 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని కాగితం, బొమ్మ వెనక పేజీకి కనపడదు. మెరిసే ఆర్ట్ పేపర్ లైటు కింద కళ్లలో కొడుతుంది, వద్దు. గట్టి అట్ట విడిగా వేయిస్తే 220 నుంచి 250 జీఎస్‌ఎం తీసుకోండి, అప్పుడు కథకు ఇంకో నాలుగు పేజీలు మిగులుతాయి. మధ్యలో రెండు పిన్నులు చాలు. అమ్మే ఉద్దేశం ఉంటే ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్యకు, ముందే దరఖాస్తు పెట్టండి, మన దేశంలో దానికి రుసుము లేదు.

మొదటి విడత 100 కాపీలు మించొద్దు. అందులో ఒక కాపీ మీద ఎర్ర పెన్నుతో "సవరణల ప్రతి" అని రాసి గ్రంథాలయం బల్ల మీదే ఉంచండి. టీచరైనా, ఊరి పెద్దలైనా, చదివిన పిల్లలైనా తప్పు పట్టుకుంటే అందులోనే రాయమనండి. రెండో విడత ఆ కాపీ చూసే కూర్చండి.